అనాథ బాలికాశ్రమము: ఒక పేరు, ఒక భవిష్యత్తు

పూనా నగరమున 1896లో నెలకొనిన ఒక సంస్థకు పుట్టుకతోనే రెండు పేర్లు అబ్బినవి. మరాఠీలో దాని పేరు ‘అనాథ బాలికాశ్రమ మండలి’. ఇంగ్లీషు కాగితములపై వ్రాసికొన్న పేరును తెలుగు చేసినచో ‘హిందూ వితంతు శరణాలయ సంఘము’ అగును. సంస్థ ఒక్కటే, పేర్లలో మాత్రము ఒకటి మరియొకదానికి అనువాదము కాదు. మరాఠీ పేరున వితంతువు లేదు, ఇంగ్లీషు పేరున బాలిక లేదు. ఆ సంస్థాపకులైన ధోండో కేశవ కర్వేగారి జీవితమునకు సంబంధించిన కొన్ని మరాఠీ పుటలను తెలుగు చేయుటకు కూర్చున్ననాడు నా కలము ఈ మాటకడనే ఆగిపోయినది. ‘అనాథ’ అని యుంచినచో తెలుగు పాఠకుడు తల్లిదండ్రులు లేని బిడ్డల పోషణాలయమని తలచును. ‘వితంతు’ అని మార్చినచో కర్వేగారు కావలెనని వాడని మాటను వారి నోట పెట్టినట్లగును.

సంస్కృతమున నాథుడనగా కాచువాడు, ఏలువాడు, భర్త. ఎనిమిదేండ్లకు పెండ్లియై తొమ్మిదేండ్లకు భర్తను కోల్పోయిన పిల్లకు తల్లిదండ్రులు సజీవులై యుండవచ్చును, అన్నదమ్ములు నలుగురుండవచ్చును, ఇంటినిండ ధాన్యముండవచ్చును. అయినను ఆమె నాథుడు లేనిదే. మన పల్లెలలో అట్టి పిల్లను పిలుచుటకు వాడిన మాటలను ఈ పత్రిక పాఠకులకు నేను గుర్తుచేయ నక్కరలేదు. గుమ్మముపై ‘వితంతు’ అను మాట వ్రాసియున్న ఇంటికి తన కూతురిని పంపుటకు ఆనాటి తండ్రి వెనుదీయును. ‘అనాథ బాలిక’ అనినచో జాలి కలుగును గాని అశుభము తోచదు. ఇంగ్లీషు చదివి చందాలిచ్చు ఉద్యోగులకు పని ఏమియో తేటగా తెలియవలెను గనుక అక్కడ ‘వితంతు’ పదము నిలిచినది. ఇది నా ఊహయే యైనను, ఆ సంస్థ నడచిన తీరును చూచినచో కేవలము ఊహ కాదనిపించును. ఏ మాట ఎవరియెదుట పలుకవచ్చునో, ఏది మ్రింగవలెనో, ఆ ఆశ్రమపు భవిష్యత్తును తీర్చినవారు మొదటి దినము నుండియు లెక్కించుకొనుచునే యుండిరి.

కర్వేగారు 1858 ఏప్రిల్ 18న రత్నగిరి మండలమున జన్మించిరి. వీరేశలింగముగారికంటె పదేండ్లు చిన్న. గణితము వారి శాస్త్రము. 1891లో ఫెర్గుసన్ కళాశాలలో ఆచార్యులై పూనా చేరిరి. ఆ యేడే మొదటి భార్య మరణించెను. రెండవ వివాహము 1893 మార్చి 11న గోదూబాయితో జరిగెను. గోదూబాయి బాల్యముననే వివాహమై, కొలది నెలలకే విధవయైన స్త్రీ; కర్వేగారి మిత్రునకు సోదరి. పండిత రమాబాయిగారు 1889లో బొంబాయిలో తెరచిన శారదాసదనమున చేరిన మొదటి వితంతువు ఈమెయే. వివాహానంతరము ఆనందీబాయి అను పేరు వచ్చెను. కర్వేగారి స్వగ్రామమైన మురుడ్ వారిని వెలివేసెను. వృద్ధురాలైన తల్లియు ఆ శిక్షను అనుభవింపవలసివచ్చెను.

ఆ సంవత్సరముననే శారదాసదనమున పెద్ద అలజడి పుట్టెను. బాలికలు క్రైస్తవ మతమువైపు మొగ్గుచున్నారను మాట పత్రికల కెక్కెను. సంరక్షకులు తమ పిల్లలను తీసికొనిపోయిరి. సలహాసంఘమున నుండిన రానడే, భండార్కరుగార్లు తొలగిపోయిరి. రమాబాయిగారి పాండిత్యమును, త్యాగమును ఎంత కొనియాడినను ఒక సంగతి మిగిలిపోవును: హిందూగృహమునుండి బయటికి వచ్చి చదువుకొనదలచిన వితంతువునకు పూనాలో తలుపు దాదాపు మూతపడెను. మూడేండ్ల తరువాత కర్వేగారు కొత్త ఆశ్రమమునకు అధ్యక్షులుగా పిలిచినది ఎవరిని? శారదాసదనమునుండి తొలగిన ఆ రామకృష్ణ గోపాల భండార్కరు పండితునే. ఇది యాదృచ్ఛికము కాదు. ఏ భయమువలన పాత ఇల్లు చెదరెనో ఆ భయమును అనుభవించినవారినే కొత్త ఇంటికి ముందు నిలిపిరి.

అసలు చిక్కు ఇంకొకటి. కర్వేగారు స్వయముగ వితంతువును పెండ్లాడినవారు. 1893 చివరనే వితంతువివాహ ప్రోత్సాహమునకై ఒక సమాజమును స్థాపించి, దాని కార్యదర్శియై ఊరూర తిరిగినవారు. అట్టివారి ఇంటికి తన కూతురిని పంపు తండ్రి ఏమనుకొనును? చదువు పేర తీసికొనిపోయి పెండ్లి చేయుదురని. అందువలన కర్వేగారు ఆశ్రమమునకును పునర్వివాహోద్యమమునకును నడుమ గోడ కట్టిరి. ఆశ్రమము పునర్వివాహమును బోధింపదు, నిషేధింపను నిషేధింపదు. చదువు నేర్పును, బ్రతుకుతెరువు చూపును. ఎవతెయైన పెండ్లాడదలచినచో అది ఆమె ఇష్టము, ఆమె పెద్దల ఇష్టము. పెండ్లిండ్ల సమాజపు బాధ్యతను వారు క్రమముగా ఇతరులకు విడిచిరి.

ఉద్యమమున తోడి నడచినవారికి ఇది పలాయనముగ తోచియుండవచ్చును. చదివిన తొలినాళ్ళలో నాకును అట్లే తోచినది. తాను నమ్మి, తాను ఆచరించి, అందుకై వెలిపడిన ధర్మమును తన ఇంటిలో పలుకకుండుట ఏమి ధైర్యమని అడిగినచో సమాధానము చెప్పుట కష్టము. కాని మన గోదావరి తీరమున జరిగినదానిని దీని ప్రక్కన నిలిపి చూచిన తరువాత నా అభిప్రాయము మారినది.

కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ చరిత్ర మనకు కంఠస్థము. ఆ వివాహములకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయమును, వంటకు మనుష్యులు దొరకనప్పుడు కార్యభారమును మోసిన రాజ్యలక్ష్మమ్మగారి ఓర్పును ఎల్లరెరుగుదురు. తరువాత పంతులుగారు వితంతువులకు శరణాలయము నడపిరి. దాని ప్రధానోద్దేశము వివాహము. పిల్ల వచ్చును, కొంత చదువును, వరుడు దొరకిననాడు పెండ్లియై వెడలిపోవును. పని ఎంత సఫలమైన ఇల్లు అంత ఖాళీ యగును! అంతేకాదు, పెండ్లియైన జంటలు కులమునుండి వెలియై ఉద్యోగమునకును, ఇంటికిని, కొన్నియెడల భోజనమునకును పంతులుగారిమీదనే ఆధారపడుచుండిరి. సాయము కోరి వచ్చి తరువాత నిందించినవారును లేకపోలేదు. ఆ నొప్పిని తమ స్వీయచరిత్రమున వారు దాచలేదు.

1906లో హితకారిణీ సమాజమును ఏర్పరచి తమ యావదాస్తిని దానికి ధారపోసిరి. సంతానము లేని దంపతులు ఆ సమాజమునే సంతానముగ భావించిరి. భవిష్యత్తును గూర్చి వారు ఆలోచింపలేదనుట అన్యాయము. తోట, ఇల్లు, పాఠశాల, ముద్రణాలయపు రాబడి, వీనినన్నిటిని సమాజమునకు అప్పగించుట చిన్న ఆలోచన కాదు. కాని ఆస్తిని ఒకరినుండి ఒకరికి వ్రాసియీయవచ్చును. 1881నాటి ఆ ఉత్సాహమును ఎవరికి వ్రాసియిత్తురు? పంతులుగారు 1919లో గతించిన తరువాత ధర్మకర్తలకు మిగిలినది ఆస్తియే. రాజమహేంద్రవరమున నేడు ఆయన పేరను, రాజ్యలక్ష్మమ్మగారి పేరను కళాశాలలు కలవు. వాని ప్రక్కన నడచి పోయినప్పుడెల్ల, పెండ్లికై ఎదురుచూచుచు ఆ తోటలో అక్షరములు దిద్దిన పిల్లలు ఎందరో అని నాకు తోచుచుండును.

కర్వేగారి కథ మరియొక దారిని నడచెను. పూనాలో ప్లేగు చెలరేగుటచే 1900లో ఆశ్రమమును నగరమునకు నాలుగు మైళ్ళ దూరమునగల హింగణే గ్రామమునకు మార్చిరి. రావుబహద్దూరు గణేశ గోవింద గోఖలేగారు ఆరెకరముల భూమిని, కట్టడమునకు 750 రూపాయలను ఇచ్చిరి. ఆ ధనముతో లేచినది ఒక గుడిసె. బాట సరిగ లేదు. కర్వేగారు పగలు కళాశాలలో గణితము చెప్పి, సాయంకాలము మూట భుజమున వేసికొని నడచి హింగణే చేరి, అక్కడ పాఠము చెప్పి, తెల్లవారి మరల నగరమునకు నడచుచుండిరి. వానకాలపు బురదలో ఆ నడకను గూర్చి మహారాష్ట్రులు చెప్పుకొను కథలు పెక్కు గలవు. ఆ కథలవలన మనకు కర్వేగారి పట్టుదల తెలియును. ఆ గుడిసెలో రాత్రులు ఉన్నవారి సంగతి తెలియవలెనన్న వేరు పుస్తకములు చూడవలెను.

అట్టి పుస్తకములు రెండు గలవు. ఒకటి ఆనందీబాయిగారు చెప్పిన ‘మాఝే పురాణ్’, 1944లో వెలువడినది. రెండవది ఆమె చెల్లెలు పార్వతీబాయి ఆఠవలేగారి ఆత్మకథ. మరాఠీలో వెలువడిన కొలదికాలమునకే, 1930లో, జస్టిన్ ఆబట్ దానిని ఇంగ్లీషు చేసెను. అక్క పుస్తకమున ఇంటి లెక్క కనబడును. భర్త ఆర్జనలో ఎక్కువ పాలు ఆశ్రమమునకు పోవుచుండగా, మంత్రసానితనము నేర్చి, నాలుగు డబ్బులు సంపాదించి పిల్లలను పెంచిన గృహిణి ఆమె. భర్త గొప్పతనమును ఆమె కాదనదు. దాని వెలను మాత్రము ఎవరు చెల్లించిరో చెప్పక మానదు. సంస్థల చరిత్రలు వ్రాయు పెద్దలు దాతల పట్టికలో ఆమె పేరును ఎక్కింపరు.

పార్వతీబాయిగారు ఇరువదేండ్లకు విధవయై, ఒక కొడుకుతో పుట్టినిల్లు చేరినవారు. హింగణేకు వచ్చునప్పటికి శిరోముండనముతోనే యుండిరి. 1912 వరకు ఆ వేషమును వదలలేదు. అక్షరములు దిద్దుకొని, ఆశ్రమమునకు చందాలు పోగుచేయు పనిని నెత్తిన వేసికొని దేశమెల్ల తిరిగిరి. సనాతనుల ఇండ్లలోనికి కర్వేగారు పోలేని చోటికి ముండితశిరస్కురాలైన ఈమె నిరాటంకముగ పోగలిగెను. 1918లో, వచ్చీరాని ఇంగ్లీషుతో, ఒంటరిగ అమెరికా వెళ్ళి, ఇండ్లలో పనిమనిషిగ చేసి పొట్టపోసికొనుచు ఆశ్రమమునకై అర్థించి, 1920లో తిరిగివచ్చిరి. ఇంత చేసినవారు కర్వేగారి ప్రతి ఆలోచనకును తల ఊపలేదు. స్త్రీలందరకు ఇంగ్లీషు నిర్బంధము చేయుట తప్పని ఆమె మతము. ఆమె వాదములో ఇంటిపనియే స్త్రీధర్మమను పాతవాసన కలదు, నాకది రుచింపదు. అయినను అమెరికాలో అంట్లు తోమి వచ్చిన స్త్రీ ఆ మాట అనినప్పుడు తొందరపడి కొట్టివేయుటకు మనసొప్పదు.

ఇక ఆశ్రమము ముందున్న ప్రశ్నకు వత్తము. పిల్ల చదివినది. తరువాత ఎక్కడికి పోవును? పుట్టింటికి మరల పోయినచో వంటయింటి మూలయే. ఉపాధ్యాయినిగనో, దాదిగనో నిలువవలెను. అందుకు వచ్చు పరీక్షలకు సిద్ధపరచుట ఆశ్రమపు తొలి పని. కాని ఆశ్రమమునకు వితంతువులను తయారు చేయుచున్న మూలకారణము బాల్యవివాహము. దానిని తాకనంతకాలము గుడిసెకు ప్రక్కన గుడిసె కట్టుకొనుచు పోవలసినదే. ఈ ఆలోచనవలన 1907లో మహిళా విద్యాలయము పుట్టెను. పెండ్లికాని పిల్లలకు చదువు చెప్పుచు, ఆ చదువు నెపమున వారి పెండ్లిని నాలుగేండ్లు వెనుకకు నెట్టుట దాని లోని ఉద్దేశము. అనాథను చేరదీయు ఇల్లు, అనాథ యగుటకు ముందే పిల్లను అందుకొన చేయి చాచినది. ఒక ఆశ్రమమే నడువని ధనముతో మరియొక సంస్థ ఏలయని అడుగువారికి లోకమున ఎన్నడును కొదువలేదు. కర్వేగారికిని ఆ శ్రమ తప్పియుండదు.

1908లో నిష్కామకర్మ మఠమును స్థాపించిరి. నాకు అన్నిటికంటె ఆసక్తి గొలిపినది ఇదే. జీవితమును సంస్థకు అర్పించి, ఒడలు నిలుచునంత మాత్రమే పుచ్చుకొని, పని చేయుదుమని ప్రమాణము చేయువారి కూటమి. కర్వేగారు ఇక్కడ పెంచదలచినది మనుష్యులను. తమ తరువాత ఎవరు నడచి రావలెనో వారిని తామే తీర్చిపెట్టుకొనుట. మఠమన్న పేరు వినగానే కాషాయము తోచును గాని, ఇందులో గృహస్థులును, స్త్రీలును గలరు. తరువాతి కాలమున ఈ మూడు సంస్థలును ఒకటిగ కలిసిపోయినవి.

1915 డిసెంబరులో బొంబాయిలో జరిగిన జాతీయ సాంఘిక సభకు కర్వేగారు అధ్యక్షులు. ఉపన్యాసము సిద్ధము చేసికొనుచుండగా, కాశీనుండి బాబు శివప్రసాద గుప్తగారు పంపగా ఎన్నడో ప్రక్కన పడవేసిన చిన్నపుస్తకము ఒకటి చేతికి తగిలెను. జపానులోని మహిళా విశ్వవిద్యాలయమును గూర్చినది. ఉపన్యాసమున ఆ ఆలోచనను ప్రకటించిరి. కొలది నెలలలో ఆశ్రమపు కార్యనిర్వాహకులు ఆ భారమును వహింప ఒప్పుకొనిరి. 1916లో భారతీయ మహిళా విశ్వవిద్యాలయము ఆరంభమాయెను. ఇది ఎంత సాహసమో ఒక క్షణము ఊహింపవలెను. సర్కారు గుర్తింపు లేదు, భవనములు లేవు. తొలి కళాశాలా తరగతిలో విద్యార్థినులు ఐదుగురు. భండార్కరుగారు కులపతి, రఘునాథ పరాంజపేగారు ఉపకులపతి. బోధన మాతృభాషలో. ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయము మాత్రమే, కాని అది తప్పనిసరి. దేశభాషలలో ఉన్నతవిద్య సాధ్యమా యని మన విద్వాంసులు సభలు చేసి తర్కించుచున్న కాలమున, ఒక అనాథాశ్రమపు సభ్యులు దానిని ప్రారంభించి చూపిరి. భాషకు సేవచేసినవారి పట్టికలో మనము సాధారణముగ కవులను, నిఘంటుకర్తలను మాత్రమే చేర్చెదము.

1920లో సర్ విఠల్‌దాస్ ఠాకర్సీగారు 15 లక్షల రూపాయలు ప్రకటించిరి. విశ్వవిద్యాలయమునకు వారి తల్లి నాథీబాయి పేరు వచ్చెను. 1936లో ప్రధానకార్యాలయము బొంబాయికి తరలెను. స్వాతంత్ర్యానంతరము 1951లో శాసనసిద్ధమైన గుర్తింపు కలిగెను. నాథుడు లేనివారికై పుట్టిన సంస్థనుండి వెలువడిన విద్యాలయమునకు ‘నాథీబాయి’ అను పేరు కుదురుట మాటల విలాసమే. అనువాదకునకు అట్టివి కంటబడక మానవు.

ఇంతటి వృద్ధిలో ఏదియు జారిపోలేదా? జారిపోయినది కలదు. మొదట వచ్చినవారిలో అధికసంఖ్యాకులు బ్రాహ్మణ బాలికలు. శిరోముండనము, నిర్బంధవైధవ్యము ఆ వర్గపు వ్యాధులు గనుక అది సహజమని సమర్థింపవచ్చును. కాని అదే పూనాలో, కర్వేగారు ఐదేండ్ల బాలుడై యుండగా, 1863లోనే జోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు దిక్కులేక గర్భవతులైన వితంతువులకు తమ ఇంటి తలుపు తెరచిరి. అట్లు పుట్టిన బిడ్డనొకనిని పెంచుకొనిరి. రమాబాయిగారు స్వయముగ కరవునాళ్ళలో తల్లిదండ్రులను కోల్పోయినవారు. 1896 తరువాతి కరవులలో దిక్కులేని పిల్లలను వందలకొద్దిగ కేడ్‌గాఁవునకు తెచ్చి, కులమడుగక అన్నము పెట్టిరి. వారి మతబోధను గూర్చి మనకు అభిప్రాయభేదము ఉండవచ్చును. కాని నిజముగ అమ్మానాన్నలు లేని ఆకలిపిల్ల ఆనాడు హింగణే గుమ్మము తట్టినచో ఏ తరగతిలో ఇమిడెడిది? పరీక్షలకు సిద్ధపరచు ఇంటిలో, పరీక్షకు దగని పిల్లకు చోటు ఇరుకగును. కర్వేగారి ప్రణాళికలో ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది, పాఠశాల విశాలమగుచు ఇల్లు సన్నగిల్లెను. ఈ లోపమును వారు ఎరుగకపోలేదని తలచుటకు ఆధారము వారి వార్ధక్యమే. 1936లో, 78 ఏండ్ల ప్రాయమున, బడులు లేని పల్లెలలో ప్రాథమిక విద్యకై సంఘము స్థాపించిరి. 1944లో కులభేద నిరసనకై సమతాసంఘము స్థాపించిరి. తాము స్థాపించినదానిని ఇతరులకప్పగించి, విడిచినవారికొరకు మరల మొదటినుండి మొదలుపెట్టుట వారి అలవాటు. 1958లో భారతరత్న బిరుదము అందుకొని, 1962 నవంబరు 9న, నూటనాలుగేండ్లు దాటిన పిమ్మట గతించిరి.

మన దేశమున తరువాత వెలసిన ఇండ్లన్నిటికి హింగణే మూలమని చెప్పబోను. మదరాసులో సోదరి సుబ్బులక్ష్మిగారు బాలవితంతువులను ఉపాధ్యాయినులుగ తీర్చినది వేరుదారి. గుంటూరున 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మగార్లు నెలకొల్పిన శారదానికేతనము, మదరాసున దుర్గాబాయిగారి ఆంధ్ర మహిళాసభ, వానివాని స్థలకాలములనుండి మొలిచినవి. కాని దుర్గాబాయిగారి పద్ధతిలో, చదువు తప్పిన వయోజన స్త్రీకి తక్కువకాలమున పరీక్ష గట్టెక్కించి బ్రతుకు చూపుటలో, హింగణే గుడిసెలోని ప్రశ్నయే మరల వినబడును.

హింగణే సంస్థ గత శతాబ్ది నడిమికాలమున తన పాతపేరును విడిచి ‘స్త్రీశిక్షణ సంస్థ’ ఆయెను. నేడది కర్వేగారి పేరనే నడచుచున్నది. ఊరిపేరును కర్వేనగరముగ మారెను. వేలకొలది బాలికలు చదువు ఆ ఆవరణలో పాత గుడిసెను స్మారకముగ కాపాడుచున్నారు. పేరు మార్చినవారిని నేను తప్పుపట్టను. తనను అనాథయని పిలిపించుకొనుచు పట్టము పుచ్చుకొనుటకు ఏ పిల్ల ఒప్పుకొనును?

నా అనువాదమున మాత్రము ఆ మాటను మార్చలేదు. ‘వితంతు’ అని ఒకమారు వ్రాసి, కొట్టివేసి, కర్వేగారు వ్రాసినట్లే ‘అనాథ బాలికాశ్రమము’ అని ఉంచితిని. అచ్చుకు పోవునప్పుడు సంపాదకులు ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టి పంపిరి. అట్లే యుండనిండని జవాబు వ్రాసితిని.